ఉగ్రవాదానికి ఏ నిర్వచనాన్ని ఎంచుకోవాలి? చట్టాలు, తీర్మానాలు, పరిశోధకుల కొలమానాల పోలిక

ఉగ్రవాదం మీద పరిశోధన పత్రం రాసే విద్యార్థికీ, దాడి వార్తకు శీర్షిక పెట్టాల్సిన ఉపసంపాదకుడికీ, ఏ దేశంలో ఎన్ని దాడులు జరిగాయో లెక్క తీసే విశ్లేషకుడికీ, బిల్లు ముసాయిదాను పరిశీలించే న్యాయవాదికీ మొదట్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటే: ఇన్ని నిర్వచనాల్లో దేన్ని పట్టుకోవాలి? 1980లలో నెదర్లాండ్స్‌లో పనిచేసిన పరిశోధకుడు అలెక్స్ ష్మిడ్ 109 నిర్వచనాలను సేకరించి వాటిలోని అంశాలను విడదీసి చూశారు. హింస లేదా బలప్రయోగం అన్న అంశం 83.5 శాతం నిర్వచనాల్లో, రాజకీయ స్వభావం 65 శాతం వాటిలో, భయం 51 శాతం వాటిలో కనిపించాయి. ఉగ్రవాదమంటే భయపెట్టడమేనని మామూలుగా అనుకుంటాం కానీ, నిపుణుల్లో దాదాపు సగం మంది ఆ అంశాన్ని నిర్వచనంలో చేర్చనే లేదు.

ఎంపిక చేసేటప్పుడు నేను ముందుగా చూసేది, ఆ పేరు పడ్డ మనిషికి ఆ తర్వాత ఏమవుతుందన్న సంగతి. బెయిలు దొరక్కపోవడం, ఆస్తులు స్తంభించిపోవడం, యావజ్జీవ శిక్ష పడటం వంటి ఫలితాలు వెంట వచ్చే నిర్వచనం ఇరుకుగా, పదం పదం తూచినట్టుగా ఉండాలి. పరిశోధన పట్టికలో ఒక వరుస చేర్చడమే దాని పని అయితే వెడల్పుగా ఉన్నా నష్టం లేదు, అవసరం లేని వరుసలను తర్వాత వడపోసుకోవచ్చు. ఈ రెండు పనులకూ ఒకే నిర్వచనాన్ని వాడబోవడం వల్లే చాలా వాదనలు ఎటూ తేలకుండా మిగిలిపోతున్నాయి.

## ముందుగా చూడవలసిన కొలబద్దలు

ఏ నిర్వచనం చేతికొచ్చినా దాన్ని కొన్ని ప్రశ్నలు అడగాలి. ఏ రకమైన చర్య జరిగితే అది వర్తిస్తుంది? ప్రాణహాని ఉండాలా, ఆస్తి నష్టం చాలా, బెదిరింపు కూడా సరిపోతుందా? బాధితులు పౌరులే కావాలా, సైనికులైనా పరవాలేదా? చేసినవారు ప్రభుత్వేతర ముఠాలే కావాలా, ప్రభుత్వాల చర్యలు కూడా దాని కిందికి వస్తాయా? నిరసనలకు, సమ్మెలకు, సాయుధ సంఘర్షణల్లో జరిగే పోరాటానికి మినహాయింపు ఉందా?

వీటన్నిటికంటే ఎక్కువ గందరగోళం పుట్టేది ఉద్దేశానికీ ప్రేరణకూ మధ్య తేడా దగ్గర. ప్రజలను భయభ్రాంతులను చేయాలనో, ప్రభుత్వం చేత ఏదో చేయించాలనో అనుకోవడం ఉద్దేశం. ఆ పని ఏ రాజకీయ, మత, సైద్ధాంతిక లక్ష్యం కోసం చేశారన్నది ప్రేరణ. కొన్ని చట్టాలు రెండింటినీ రుజువు చేయమంటాయి, కొన్ని మొదటిదానితో సరిపెట్టుకుంటాయి. ప్రేరణను తప్పనిసరి చేస్తే డబ్బు కోసం కిరాయి హత్యలు చేసే ముఠాలు నిర్వచనం బయటే ఉండిపోతాయి, అది మంచిదే. అయితే పోలీసులు నిందితుడి మతాన్నీ, చదివిన పుస్తకాలనూ, పాల్గొన్న సభలనూ తవ్వడం మొదలవుతుంది. కెనడాలో సరిగ్గా ఈ అభ్యంతరంతోనే ఒక కింది కోర్టు 2006లో ప్రేరణ నిబంధనను కొట్టివేయగా, 2012లో ఆ దేశ సుప్రీం కోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తేల్చింది. రెండు వైపులా బలమైన వాదనలే ఉన్నాయి. నా మొగ్గు మాత్రం ప్రేరణను ఉంచడం వైపే. అది లేని చట్టాలు పెద్ద నేరాలన్నిటినీ మింగేసే ప్రమాదం ఎక్కువ.

## ఐక్యరాజ్య సమితి దారి

అంతర్జాతీయ నిర్వచనం కోసం మొదటి గట్టి ప్రయత్నం ఐక్యరాజ్య సమితి కంటే ముందుది. 1934లో మార్సే నగరంలో యుగోస్లావియా రాజు అలెగ్జాండర్, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి లూయీ బార్తూ ఒకే దాడిలో ప్రాణాలు కోల్పోయిన తర్వాత, ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితి 1937లో ఒక ఒడంబడిక తయారు చేసింది. ఒక రాజ్యానికి వ్యతిరేకంగా, వ్యక్తుల్లోనో ప్రజల్లోనో భయోత్పాత స్థితి కలిగించే ఉద్దేశంతో చేసే నేరాలని అందులో నిర్వచించారు. బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం తప్ప మరే దేశమూ దాన్ని ధ్రువీకరించలేదు, కనుక అది అమల్లోకే రాలేదు.

ఆ తర్వాత ఐక్యరాజ్య సమితి ఎంచుకున్న పద్ధతి వేరు. ఉగ్రవాదాన్ని మొత్తంగా నిర్వచించే పనిని పక్కనపెట్టి, విమానాల హైజాక్ మీద 1970లో, దౌత్యవేత్తలపై దాడుల మీద 1973లో, బందీలను పట్టుకోవడం మీద 1979లో, బాంబు దాడుల మీద 1997లో ఇలా ఒక్కొక్క చర్యకు ఒక్కొక్క ఒప్పందం చేసుకుంటూ పోయింది. ఇది పిరికి పద్ధతి అని విమర్శించేవారున్నారు గానీ, హైజాక్ అంటే ఏమిటో ఎవరికీ తగాదా లేదు కాబట్టి ఆ ఒప్పందాలు పనిచేశాయి.

సాధారణ నిర్వచనానికి దగ్గరగా వచ్చిన పాఠాలు రెండు. 1999 నాటి ఉగ్రవాద నిధుల నిరోధక ఒడంబడిక రెండో అధికరణం ప్రకారం, ప్రజలను బెదిరించడానికో, ప్రభుత్వాన్ని లేదా అంతర్జాతీయ సంస్థను ఏదో ఒక పనికి బలవంతపెట్టడానికో, పౌరుడిని గానీ సాయుధ సంఘర్షణలో చురుకుగా పాల్గొనని మరొకరిని గానీ చంపే లేదా తీవ్రంగా గాయపరిచే ఉద్దేశంతో చేసిన పని దాని పరిధిలోకి వస్తుంది. రెండోది, రష్యాలోని బెస్లాన్ పాఠశాల ముట్టడి జరిగిన కొన్ని వారాలకే, 2004 అక్టోబర్‌లో భద్రతా మండలి ఆమోదించిన 1566వ తీర్మానం. అందులో మరణం లేదా తీవ్ర గాయం కలిగించే ఉద్దేశం లేదా బందీలను పట్టుకోవడం, భయోత్పాతం లేదా బలవంతం అనే ప్రయోజనం, పాత ఒప్పందాల్లో అప్పటికే నేరంగా ఉన్న చర్య కావడం అనే మూడు షరతులు కలిసి రావాలి. నేను చదివిన ప్రభుత్వ పాఠాల్లో ఇంత బిగువుగా రాసినవి తక్కువ. విచిత్రమేమిటంటే, అంతకు మూడేళ్ల ముందు అన్ని దేశాలనూ ఉగ్రవాద చట్టాలు చేయమని ఆదేశించిన 1373వ తీర్మానంలో నిర్వచనమే లేదు. ఏ దేశానికి తోచినట్టు ఆ దేశం రాసుకోవడానికి అది తలుపు తీసిపెట్టింది.

1996లో భారతదేశం ప్రతిపాదించిన సమగ్ర ఒడంబడిక ఇప్పటికీ తేలలేదు. విదేశీ ఆక్రమణకు వ్యతిరేకంగా పోరాడేవారిని మినహాయించాలా, దేశాల సైన్యాల చర్యలను చేర్చాలా అన్న రెండు ప్రశ్నల దగ్గర అది ఆగిపోయింది. 1998 నాటి అరబ్ దేశాల ఒడంబడిక మొదటి ప్రశ్నకు మినహాయించాలనే జవాబు రాసుకుంది.

## దేశాల చట్టాలు

బ్రిటన్ 2000 నాటి చట్టం విశాలమైన వాటిలో ముందుంటుంది. తీవ్ర హింస, ఆస్తికి తీవ్ర నష్టం, ప్రజారోగ్యానికి తీవ్ర ప్రమాదం, ఎలక్ట్రానిక్ వ్యవస్థను తీవ్రంగా అడ్డుకోవడం, ఇవేవైనా చేయడం లేదా చేస్తామని బెదిరించడం దాని కిందికి వస్తాయి. ప్రభుత్వాన్ని ప్రభావితం చేసే లేదా ప్రజలను బెదిరించే ఉద్దేశం ఉండాలి, రాజకీయ, మత, జాతి లేదా సైద్ధాంతిక లక్ష్యమూ ఉండాలి. తుపాకులో పేలుడు పదార్థాలో వాడితే ఆ ఉద్దేశాన్ని రుజువు చేయనక్కర్లేదు. విదేశీ సైన్యంపై తిరుగుబాటుదారులు చేసిన దాడులు కూడా ఈ మాటల కిందికి వస్తాయని 2013లో బ్రిటన్ సుప్రీం కోర్టు చెప్పింది. అదే తీర్పులో, ఇంత విశాలమైన నిర్వచనం ఆందోళన కలిగిస్తోందని కూడా ఒప్పుకుంది.

అమెరికాలో ఒకే ప్రభుత్వం కింద కనీసం మూడు నిర్వచనాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. విదేశాంగ శాఖ వార్షిక నివేదికలకు వాడేది ముందస్తు పథకం, రాజకీయ ప్రేరణ, పోరాటంలో లేని లక్ష్యాలు, ప్రభుత్వేతర ముఠాలు లేదా రహస్య ఏజెంట్లు అన్న నాలుగు అంశాల చిన్న వాక్యం. ఫెడరల్ నేర స్మృతి ప్రాణాపాయకరమైన నేరాలను, అవి పౌరులను బెదిరించడానికో ప్రభుత్వ విధానాన్ని మార్చడానికో చేసినట్టు కనబడితే ఉగ్రవాదమంటుంది. ఎఫ్‌బీఐ పరిధిని చెప్పే నిబంధన వ్యక్తులతోపాటు ఆస్తిపై బలప్రయోగాన్నీ, రాజకీయ లక్ష్యాలతోపాటు సామాజిక లక్ష్యాలనూ చేరుస్తుంది. దేశీయ ఉగ్రవాదానికి 2001 చట్టం నిర్వచనం ఇచ్చింది గానీ, ఆ పేరుతో విడిగా ఒక నేరాన్ని సృష్టించలేదు. నిందితుడి మీద ఆరోపణలు హత్య, ఆయుధాలు, విద్వేష నేరం వంటి వేరే సెక్షన్ల కింద నమోదవుతాయి.

ఐరోపా సమాఖ్య 2017 ఆదేశం చేయదగ్గ చర్యల జాబితా ఇచ్చి, వాటికి ప్రజలను భయపెట్టడం, ప్రభుత్వాన్ని బలవంతపెట్టడం వంటి మూడు ఉద్దేశాల్లో ఏదో ఒకటి తోడవ్వాలంటుంది. ప్రేరణ అవసరం లేదు. కెనడా చట్టం ప్రేరణ అడుగుతుంది, అత్యవసర సేవల అంతరాయాన్ని చేరుస్తుంది. అయితే ప్రాణహాని ఉద్దేశం లేని నిరసన, అసమ్మతి, సమ్మెల వల్ల వచ్చిన అంతరాయాన్ని పేరుపెట్టి మినహాయిస్తుంది.

భారతదేశంలో ఉగ్రవాదం మీదే చేసిన 1985, 1987ల టాడా చట్టాలు, 2002 నాటి పోటా పోయినా, పోటా రద్దయిన 2004లోనే ఉగ్రవాద చర్య నిర్వచనం చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలోకి (యూఏపీఏ) వచ్చి చేరింది. 2008లో విస్తరించింది, 2012లో ఆర్థిక భద్రతకు ముప్పు, నకిలీ నోట్లు చేరాయి. పదిహేనో సెక్షన్‌లో రెండు మాటలను నిదానంగా చదవాలి. దేశ ఐక్యతకో భద్రతకో ముప్పు కలిగించే ఉద్దేశం ఉన్నా సరే, అలా కలిగించే అవకాశం ఉన్నా సరే అన్నది మొదటిది. బాంబులు, తుపాకులు, విషవాయువులు అంటూ సాధనాలను వరుసగా చెప్పి, చివర్లో మరే విధమైన సాధనంతోనైనా అని కలపడం రెండోది. ఉద్దేశం లేకపోయినా అవకాశం చాలనడం, సాధనానికి హద్దు చెరిపేయడం ఒకే వాక్యంలో కలిసినప్పుడు జాబితా ఉండీ లేనట్టే అవుతుంది. 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో నిరసన హక్కుకూ ఉగ్రవాద చర్యకూ మధ్య గీత మసకబారుతోందని వ్యాఖ్యానించింది. ఆ ఉత్తర్వును ఇతర కేసుల్లో పూర్వ ప్రమాణంగా వాడరాదని సుప్రీం కోర్టు చెప్పింది.

## నిపుణుల నిర్వచనాలు, దాడుల లెక్కలు

ష్మిడ్ ఆలోచనలో అసలు సారం బాధితుల గురించిన పరిశీలన. ఉగ్రవాద దాడిలో చనిపోయినవారు దాడికి అసలు గురి కారు, వారి చావు ద్వారా మరెవరికో సందేశం పంపుతారు. మామూలు రాజకీయ హత్యకూ దీనికీ తేడా అక్కడే ఉంది. ఆయన 1988 నాటి పాఠం ప్రభుత్వాలను కూడా చర్య చేసేవారిలో చేర్చింది. 1992లో ఐక్యరాజ్య సమితికి ఆయనే ఇచ్చిన పొట్టి సూత్రం, శాంతికాలంలో జరిగే యుద్ధనేరానికి సమానమైన చర్య అన్నది, 2004లో భారత సుప్రీం కోర్టు తీర్పులోకి కూడా ఎక్కింది. ఆ సూత్రం ఆకర్షణీయమే గానీ, యుద్ధం నడుస్తున్న చోట అది మూగబోతుంది.

అమెరికా పరిశోధకుడు బ్రూస్ హాఫ్‌మన్ రాజకీయ మార్పు కోసం హింస ద్వారా భయాన్ని కావాలని సృష్టించి వాడుకోవడం మీద దృష్టి పెట్టి, ప్రభుత్వేతర శక్తులకే పరిమితమయ్యారు. ఇజ్రాయెల్ పరిశోధకుడు బోయాజ్ గనోర్ రాజకీయ లక్ష్యం కోసం పౌరులపై ఉద్దేశపూర్వక హింస అన్న మూడు అంశాలతో ముగించారు. గనోర్ సూత్రంలో భయం ప్రస్తావనే లేదు, లెక్కించడానికి అది హాయి. సైనికులపై గెరిల్లా దాడి దాని ప్రకారం ఉగ్రవాదం కాదు, అందువల్ల చాలా ప్రభుత్వాలకు అది రుచించదు.

మేరీలాండ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ పద్ధతి వేరు. 1970 నుంచి రెండు లక్షలకు పైగా సంఘటనలున్న ఈ సంకలనంలోకి రావాలంటే చర్య ఉద్దేశపూర్వకమై, హింసతో లేదా హింస బెదిరింపుతో కూడి, ప్రభుత్వేతరుల చేతిలో జరిగి ఉండాలి. ఆపైన మూడు కొలబద్దల్లో రెండైనా కుదరాలి: రాజకీయ, ఆర్థిక, మత లేదా సామాజిక లక్ష్యం, విశాల ప్రజానీకాన్ని బెదిరించే లేదా సందేశం ఇచ్చే ఉద్దేశం, చట్టబద్ధ యుద్ధ చర్యల పరిధి దాటడం. ఏ సంఘటన ఏ కొలబద్దలకు నిలిచిందో విడివిడిగా నమోదు చేస్తారు కాబట్టి పాఠకుడు తన నిర్వచనాన్ని తానే బిగించుకోవచ్చు. ఒక హెచ్చరిక: 1993 నాటి పాత రికార్డులు పోయినందున ఆ ఏడాది వివరాలు మిగతా ఏళ్లలా లేవు. కాలక్రమ రేఖాచిత్రం గీసేవారు అక్కడ కనిపించే పడిపోవడాన్ని శాంతిగా పొరబడతారు.

| నిర్వచనం | ప్రేరణ కావాలా | ఆస్తి నష్టం ఒక్కటే చాలా | సైనికులపై దాడి | నిరసనకు మినహాయింపు |
|---|---|---|---|---|
| 1566వ తీర్మానం | అక్కర్లేదు | చాలదు | పౌరులకే పరిమితం కాదు | విడిగా లేదు |
| బ్రిటన్ 2000 | కావాలి | చాలు, తీవ్రమైతే | వస్తుంది | లేదు |
| అమెరికా విదేశాంగ శాఖ | రాజకీయమైనది కావాలి | స్పష్టత లేదు | పోరాటంలో లేనప్పుడే | లేదు |
| కెనడా | కావాలి | ప్రాణాపాయం తోడైతేనే | సంఘర్షణ నియమాలకు లోబడితే రాదు | ఉంది |
| యూఏపీఏ | అక్కర్లేదు | చాలు | వస్తుంది | లేదు |
| గ్లోబల్ టెర్రరిజం డేటాబేస్ | కొలబద్దల్లో ఒకటి | చాలు | వడపోత మీద ఆధారం | లేదు |

## మూడు సంఘటనల మీద పరీక్ష

కాపలా లేని ఒక విద్యుత్ ఉపకేంద్రంలో రాత్రిపూట కొందరు ట్రాన్స్‌ఫార్మర్లు తగలబెట్టి, ఫలానా చట్టం వెనక్కి తీసుకోవాలని ప్రకటన పంపారనుకుందాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బ్రిటన్ చట్టం, యూఏపీఏ, ఎఫ్‌బీఐ నిబంధన, డేటాబేస్ దీన్ని ఉగ్రవాదంగా తీసుకోగలవు. కెనడాలో అత్యవసర సేవ అంతరాయం కింద తీసుకోవచ్చు. 1566వ తీర్మానం ప్రకారం మాత్రం కుదరదు, ఎందుకంటే ప్రాణహాని ఉద్దేశం లేదు. గనోర్ సూత్రం పౌర లక్ష్యాలను కూడా చేరుస్తుంది కాబట్టి జవాబు ఎటైనా వాదించవచ్చు.

రెండోది నిజంగా జరిగింది. 2000 అక్టోబర్ 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటున్న అమెరికా యుద్ధనౌక కోల్ పక్కన పేలుడు పదార్థాల పడవను పేల్చగా 17 మంది నావికులు మరణించారు. ఆయుధాలున్న యుద్ధనౌక పోరాటంలో లేని లక్ష్యం ఎలా అవుతుంది? ఆ స్థలంలో యుద్ధ స్థితి లేనప్పుడు సాయుధ సైనికులు కూడా ఆ కోవలోకే వస్తారన్న వివరణను విదేశాంగ శాఖ తన నివేదికల్లో జోడించింది. నిర్వచనం చదివేవారు దాని కింద ఉన్న చిన్న అక్షరాల వివరణను వదలకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

మూడోది 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో హోటల్ 32వ అంతస్తు నుంచి సంగీత కచేరీ ప్రేక్షకులపై జరిగిన కాల్పులు. హంతకుడిని నడిపిన స్పష్టమైన ఏకైక కారణం దొరకలేదని ఎఫ్‌బీఐ 2019 జనవరిలో తేల్చింది. ప్రేరణ అడిగే ఏ నిర్వచనంలోనూ ఇది ఇమడదు. అయితే ఆ నగరం ఉన్న నెవాడా రాష్ట్ర చట్టం ప్రేరణ అడగదు, సాధారణ ప్రజలకు తీవ్ర హాని కలిగించే ఉద్దేశంతో చేసిన హింస చాలంటుంది. ఒకే నేరం, ఒకే నేల మీద, రాష్ట్ర చట్టం చదివితే ఒక పేరు, ఫెడరల్ చట్టం చదివితే మరో పేరు.

## ఎవరికి ఏది

పరిశోధన మొదలుపెట్టే విద్యార్థి ష్మిడ్‌తో మొదలుపెట్టడం మేలు. ప్రభుత్వ హింసను కూడా చర్చించదలిస్తే హాఫ్‌మన్ నిర్వచనం మీ చేతులు కట్టేస్తుందని ముందే తెలుసుకోండి.

లెక్కలు తీసేవారికి డేటాబేస్ తప్ప మెరుగైన దారి లేదు గానీ, మూడు కొలబద్దల్లో ఏవి తప్పనిసరి చేశారో మీ వ్యాసంలో రాయాలి. ఆ ఒక్క మాట లేకపోతే మీ సంఖ్యను మరొకరి సంఖ్యతో పోల్చడం వృథా. ప్రభుత్వ నివేదికల్లోని సంఖ్యలనూ డేటాబేస్ సంఖ్యలనూ ఒకే పట్టికలో కలపకండి.

విలేకరికి నా సలహా, చాలావరకు ఏ నిర్వచనమూ వాడకుండా బాంబు దాడి, కాల్పులు, బందీలు అని జరిగినదాన్నే రాయడం. బీబీసీ, రాయిటర్స్ పాటించే పద్ధతి దాదాపు ఇదే. ఆ మాట ఎవరన్నారో వారి పేరుతోనే ఇవ్వాలంటాయవి. ఈ పద్ధతి బాధితులను అవమానిస్తోందన్న కోపం నిజమైనదే. అందుకే కోర్టు ఉగ్రవాద నేరం రుజువైందని చెప్పాక కూడా మాట దాచుకోవడం అనవసరమని నేననుకుంటాను. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు ఉగ్రవాద చర్య ఆరోపణను కూడా అంగీకరించాడు. ఇంకా అనుమానితుడని రాయడంలో అర్థం లేదు.

చట్టం రాసేవారికి, దాన్ని కోర్టులో ప్రశ్నించేవారికి 1566వ తీర్మానంతోపాటు, 2010లో ఐక్యరాజ్య సమితి ప్రత్యేక నివేదకుడు మార్టిన్ షైనిన్ ఇచ్చిన నమూనా నిర్వచనం ఆధారం కావాలి. రెండూ షరతులు విడివిడిగా కాక కలిసి నెరవేరాలంటాయి. దానికి కెనడా నిరసన మినహాయింపును జోడిస్తే మన్నికైన ముసాయిదా వస్తుంది.

భారతదేశంలో కేసు వాదించేవారు నిర్వచనంతో ఆగకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లో ఉగ్రవాద చర్య నిర్వచనం యూఏపీఏ పాఠాన్ని చాలావరకు పోలి ఉంటుంది. రెండింటిలో దేని కింద కేసు పెట్టాలో ఎస్పీ హోదాకు తగ్గని అధికారి నిర్ణయిస్తారని ఆ సెక్షన్ వివరణే చెబుతుంది. యూఏపీఏ కింద పెడితే ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిలు ఇవ్వరాదన్న 43డి(5) అడ్డు వస్తుంది, మరోవైపు కోర్టు కేసును స్వీకరించాలంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలన్న రక్షణా దొరుకుతుంది. 113వ సెక్షన్‌లో ఆ అడ్డూ లేదు, ఆ రక్షణా లేదు. కాబట్టి ఎఫ్ఐఆర్ చేతికి రాగానే ముందు చూడాల్సింది సెక్షన్ నంబరు, ఆ తర్వాతే అందులోని ఆరోపణలు.